నిద్రపాకం

"ఆగకు ఎనాక్! కాఫీ ఇటు తే. చల్లారిందా? చల్లారకపోతే ఏం, తే ముందు!"

డోర్కస్ గొంతు అప్పటికే బొంగురుపోయింది. మిల్లు నుంచి వచ్చిన బట్టల్లోనే ఉంది. జుట్టంతా దూదినుసి. ఎనిమిది నెలల రోడాని భుజాన వేసుకుని పొయ్యి దగ్గర్నుంచి వీధితలుపు దాకా, వీధితలుపు దగ్గర్నుంచి పొయ్యి దాకా తిరుగుతోంది. అడుగడుక్కీ పిల్ల వీపు మీద చరుస్తోంది. పాదాలు గిల్లుతోంది. గిల్లినచోట ఎర్రబడుతోంది గానీ పిల్ల మూతి కూడా ముడవడం లేదు.

"రోడా! ఒసే రోడా! అమ్మనే. కళ్ళు తెరువే బంగారుతల్లీ."

కనురెప్పలు సగం లేచాయి. మళ్ళీ వాలిపోయాయి.

ఎనాక్ చెంచాతో నల్లకాఫీ కూతురి పెదవుల మధ్య పోశాడు. సగం లోపలికి పోయింది, సగం గడ్డం మీదుగా కారింది. ముఖాన మిల్లు బాయిలరు మసి అలాగే ఉంది. కళ్ళ చుట్టూ మాత్రం కడిగినట్టు తెల్లగా ఉంది. ఇంటికి వచ్చినప్పట్నుంచి డోర్కస్ అతని ముఖంలోకి సరిగా చూడనే లేదు. చూసే తీరికెక్కడిది?

"మింగిందా?"

"మింగినట్టే ఉంది."

"ఉన్నట్టేమిటి? మింగిందా, లేదా?"

అతను ఇంకో చెంచా ముంచాడు.

ధర్మాసుపత్రి డాక్టరు చెప్పి వెళ్ళింది ఒక్కటే. పిల్లని నిద్రపోనివ్వొద్దు. చీకటిపడేలోగా గట్టిగా ఏడిస్తే బతికినట్టు. ఆయన పిల్ల కనురెప్పలు పైకెత్తి చూశాడు. నోరు వాసన చూశాడు. పొయ్యి పైన అరలో ఉన్న సీసా తీసి, దాన్ని కూడా వాసన చూసి జేబులో వేసుకున్నాడు.

"ఈ చలికాలంలో ఈ ఒక్క వీధిలోనే మూడో పిల్ల ఇది. కనడం, నల్లమందు పోసి పడుకోబెట్టడం! ఈసారి ఊరుకునేది లేదు. పోలీసుల్ని పంపిస్తాను," అని టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దాటాక వానలో ఒక్క క్షణం నిలబడి, "కాఫీ మాత్రం ఆపకండి," అని మెత్తగా అన్నాడు.

నిద్రపాకం. నల్లమందు కలిపిన తియ్యటి పాకం. మందులషాపులోనే కాదు, కొవ్వొత్తులమ్మే కొట్లో కూడా దొరుకుతుంది. తల్లి మగ్గం మీదికి పోయే ప్రతి ఇంట్లోనూ పొయ్యి పైన అరలో ఒక సీసా ఉంటుంది. ఉందని ఎవరూ చెప్పుకోరు.

పొయ్యికి అవతల ముక్కాలిపీట మీద ఎనాక్ తల్లి హెప్జిబా కూర్చుని ఉంది. బతుకంతా మరమగ్గాల హోరులో గడిపి రెండు చెవులూ పోగొట్టుకున్న మనిషి. వేళ్ళు అల్లంకొమ్ముల్లా వంకర్లు తిరిగాయి. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. తన గొంతు తనకే వినపడదు కాబట్టి, ఉప్పు అందుకోమన్నా సరే వీధి చివరికి వినపడేలా అంటుంది.

"నాకివ్వు పిల్లని," అంది చేతులు చాచి. "నీ చేతులు పడిపోతున్నాయి. కాసేపు నేను తిప్పుతాను."

డోర్కస్ వచ్చి ఆమెకి సరిగ్గా ఎదురుగా నిలబడింది. ఒక్క మాట కూడా తప్పిపోకూడదని నోరు పూర్తిగా తెరిచి, మాటకి మాట విడదీసి అంది.

"నీకా? నీ చేతుల్లో పెట్టి వెళ్ళబట్టేగా ఇలా అయింది!"

ముసలామె చాచిన చేతులు చాచినట్టే ఉంచింది.

"ఎప్పుడూ ఇచ్చేదే ఇచ్చానే తల్లీ. చెంచా కొనకి అంటినంత. పంటినొప్పితో నోరంతా తెరిచి ఏడుస్తుంటే చూడలేక ఇచ్చాను. నా ఆరుగుర్నీ దాంతోనే పెంచాను."

"ఆరుగుర్లో నలుగురు శ్మశానంలో ఉన్నారు."

ఎనాక్ చేతిలో చెంచా గిన్నెలో పడింది.

"డోర్కస్!"

"ఏం? అబద్ధమా?"

"కోరింతదగ్గుతో పోయారు వాళ్ళు," అంది హెప్జిబా. "ఒక్క చలికాలంలో ముగ్గురు. తర్వాత ఒకడు. నీకు తెలీదా? అప్పుడు నువ్వు పక్కవీధిలో పిల్లవి. వాళ్ళ శవపెట్టెల వెంట నడిచావు కూడా."

డోర్కస్ ముఖం తిప్పేసుకుంది. ముఖం తిప్పుకుంటే చాలు, ముసలామెతో మాట తెగిపోతుంది. ఆ ఇంట్లో అలగడానికి అంతకంటే సులువైన దారి లేదు.

హెప్జిబా ఆ వీపుకే చెప్పింది.

"నన్నంటావు గానీ, పొద్దున నేను లేచేసరికే పిల్ల మత్తుగా ఉంది. అందుకే తర్వాత ఏడ్చినా చాలా తక్కువ ఇచ్చాను."

డోర్కస్ గిరుక్కున తిరిగింది.

"అబద్ధం! నేను వెళ్ళేటప్పుడు శుభ్రంగా ఉంది. నవ్వుతూ ఆడుకుంటోంది!"

"తెల్లారకుండా వెళ్ళావు నువ్వు. ఆ చీకట్లో ఏం ఆడుకుంది?"

డోర్కస్ నోరు తెరిచింది. ముసలామె ఆ తెరిచిన నోటివంకే కాసేపు చూసింది, రాని మాటని కూడా చదువుతున్నట్టు. తర్వాత కళ్ళు దించుకుంది.

"సరేలే. ముసలిదాన్ని. నాకే సరిగా కనపడలేదేమో."

ఆ పొద్దున జరిగింది తనకి తప్ప ఎవరికీ తెలియదని డోర్కస్ నమ్మకం. రాత్రంతా రోడా చిగుళ్ళు వాచి ఏడ్చింది. ఎనాక్ ఇంట్లో లేడు. మిల్లు బాయిలరు గొట్టం పగిలితే మూడో రాత్రి కూడా అక్కడే ఉండిపోయాడు. అత్తకి వినపడదు. పెద్దది ఎస్తేర్ చెవుల మీద దిండు వేసుకుని పడుకుంది. ఒంటరిగా పిల్లని ఊపి ఊపి డోర్కస్ నిలబడే కునుకు తీసింది. ఇంతలో మిల్లు కూత వేసింది. కిందటి వారం గేటు మూసేశాక వెళ్ళినందుకు మేస్త్రీ ముఖం మీదే చెప్పాడు. "ఇంకోసారి ఆలస్యమైతే నీ మగ్గాలు నీవి కావు."

సీసా అరలోంచి తీసి పారేయాలని నెల కింద ఇల్లు పీకి పందిరేసింది తనే. పిల్లకి విషం పోస్తున్నావని అత్తని నానా మాటలూ అన్నది తనే. అలాంటిది చీకట్లో తడుముకుంటూ ఆ అర దగ్గరికి వెళ్ళింది. మూత పళ్ళతో లాగింది. చెంచాలో ఎంత పడిందో కూడా చూడలేదు. పిల్ల చప్పరించి ఊరుకుంది. శాలువా కప్పుకుని వానలో పరుగెత్తింది. చెంచా ఎక్కడ పడేసిందో గుర్తు లేదు.

అందుకే ఇప్పుడు ఆమె గొంతు అంత పైకి లేస్తోంది.

"ఎనాక్, నువ్వైనా చెప్పవేం? నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా! మీ అమ్మ ఎన్నిసార్లు పోసిందో చూడలేదూ?"

"నేను పడుకున్నాను," అన్నాడు ఎనాక్.

"పిల్ల ఏడుస్తుంటే కూడానా?"

"పడుకున్నానని చెప్తున్నాగా!"

అరిచినంత పని చేశాడు. అరిచి, బకెట్టు తీసుకుని చన్నీళ్ళ కోసం పెరట్లోకి వెళ్ళిపోయాడు.

డోర్కస్ మరో నాలుగుసార్లు తిరిగింది. ఆ తర్వాత చేతులు నిజంగానే పడిపోయాయి. పిల్ల భుజం మీద నుంచి జారుతుంటే హెప్జిబా లేచి పట్టుకుంది. ఈసారి డోర్కస్ కాదనలేదు. గోడకి చేరగిలబడి మోకాళ్ళు పట్టుకుంది.

ముసలామె నడక వేరు. మెల్లగా, కాస్త పక్కకి ఒరుగుతూ, ఒక అరచెయ్యి పిల్ల రొమ్ము మీద ఆనించి నడుస్తుంది. పిల్ల ఊపిరి ఆమెకి చెవికి వినపడదు. చేతికి తెలుస్తుంది. తనకే తెలియకుండా ఏదో పాట కూనిరాగం తీస్తోంది. ఆ పాటకి వరస లేదు.

"గిల్లు," అంది డోర్కస్ ఆమె తన వైపు తిరిగినప్పుడల్లా. "మెత్తగా పట్టుకుంటే ఇంకా నిద్రపోతుంది. గిల్లత్తా."

"గిల్లుతూనే ఉన్నా."

ఎనాక్ నీళ్ళు తెచ్చాడు. ముగ్గురూ కలిసి పిల్ల కాళ్ళు నీళ్ళలో ముంచారు. ఆ చల్లదనానికి రోడా ఒక్కసారి వేళ్ళు ముడిచింది.

"చూశావా! చూశావా ఎనాక్! కదిలింది!"

"చూశాను."

"ఏడుస్తుంది. ఇప్పుడు ఏడుస్తుంది చూడు. ఏడువు తల్లీ. ఏడువు, ఎంతసేపైనా ఏడువు. ఎవరూ ఏమీ అనరు."

ముగ్గురూ తలలు దగ్గరికి చేర్చి ఆ చిన్న నోటివంకే చూశారు. పాలపన్ను మొలవబోతున్న చోట చిగురు తెల్లగా ఉబ్బి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఏడుపు రాలేదు.

హెప్జిబా మళ్ళీ ఎత్తుకుని నడక మొదలుపెట్టింది. తలుపు దాకా వెళ్ళింది. తిరిగింది. సగం దూరం వచ్చి ఆగిపోయింది.

"ఆగకత్తా," అంది డోర్కస్.

ముసలామె కదల్లేదు. రొమ్ము మీది అరచెయ్యి కాస్త జరిపి ఇంకోచోట ఆనించింది. మళ్ళీ జరిపింది.

"డోర్కస్," అంది.

ఆ పిలుపు ఎంత మెల్లగా వచ్చిందంటే, కాపురానికి వచ్చినప్పట్నుంచి ఆ గొంతు అంత తగ్గి మాట్లాడగా డోర్కస్ ఒక్కసారి కూడా వినలేదు. ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది.

* * *

డోర్కస్ ఏడవలేదు. పిల్లని ఒడిలో వేసుకుని వెనకగదిలో కిటికీ పక్కన కూర్చుంది. తడిసిన పాదాలు తన శాలువా చివరతో తుడిచింది. తుడిచినచోటే మళ్ళీ తుడిచింది. ఇంటి ముందు ఎవరో ఆగిన చప్పుడు, గుసగుసలు, మళ్ళీ చెక్కజోళ్ళ చప్పుడు. పక్కింటి నాన్సీ పొద్దు వాలకముందే ఎస్తేర్‌ని తన ఇంటికి తీసుకుపోయింది. అదొక్కటే మేలు.

ఎనాక్ పెరట్లోకి వెళ్ళాడు. కాసేపటికి బకెట్టు పట్టుకుని హెప్జిబా కూడా వెళ్ళింది, పిల్లకి నీళ్ళు పోయాలి కదా.

కిటికీ అద్దం మీద మిల్లు మసి, వాన చారలు. వాటి మధ్య నుంచి వాళ్ళిద్దరూ డోర్కస్‌కి కనపడుతున్నారు. ఆమె చూడాలని చూడలేదు. కళ్ళు ఎటో ఒకవైపు పెట్టాలి కాబట్టి అటు పెట్టింది.

మగ్గాల కొట్టంలో మాట వినపడదు. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు పెదవులతోనే అన్నీ చెప్పుకుంటారు. కొట్లాటలు, పెళ్ళి కబుర్లు, మేస్త్రీ మీద బూతులు, అన్నీ. హెప్జిబా తన గొంతుని తనే నమ్మదు. రహస్యమైన మాటైతే ఇంట్లో కూడా చప్పుడు లేకుండా పెదవులతోనే అంటుంది. కొడుక్కి ఊయలలోనే ఆ భాష వచ్చింది.

"చొక్కా చెయ్యి మీద మరక ఉంది," అంటున్నాయి ముసలామె పెదవులు. "పాకం మరక. విప్పి నీళ్ళలో పడెయ్యి."

ఎనాక్ చెయ్యి చూసుకున్నాడు.

"అమ్మా, నేను..."

"నాకు తెలుసు. దుంపలు కొనుక్కుని వచ్చేసరికి సీసాలో మందు కిందికి దిగి ఉంది."

"మూడు రాత్రులు కన్ను మూయలేదమ్మా. నువ్వు బజారుకి వెళ్ళావు. లేచి ఏడుపు మొదలుపెట్టింది. ఎత్తుకున్నాను, ఊపాను, ఆగలేదు. నువ్వు పొద్దున ఇచ్చావని నాకేం తెలుసు? కాసేపు నిద్రపోతే చాలనుకున్నాను. నేనూ, అదీ."

అతని ముఖం ముడుచుకుపోయింది. పెద్దవాడు ఏడిస్తే చూడ్డానికి బాగుండదు. హెప్జిబా అతని గడ్డం పట్టుకుని పైకెత్తింది, తన పెదవులు కనపడాలని.

"విను. నేనే ఇచ్చాను. రెండుసార్లూ నేనే. ముసలిది, మతిమరుపుది, ఇచ్చింది మర్చిపోయి మళ్ళీ ఇచ్చింది. అంతే. నీ నోరు లేవకూడదు. సోమవారం బాయిలరు వెలిగించడానికి నువ్వుండాలి. నన్నేం చేస్తారు? నేనిప్పుడు దేనికి పనికొస్తాను?"

డోర్కస్ లేచి నిలబడింది. చేతుల్లో పిల్ల ఉంది. పెరటితలుపు మూడడుగుల దూరంలో ఉంది. ఆ తలుపు తన్ని, వెళ్ళి, ఈ పిల్లని అతని చేతుల్లో పడేసి, ఇదిగో నిద్రపుచ్చుకో అని వీధంతా వినేలా అరవాలనిపించింది. పడుకున్నాను, పడుకున్నాను అని ఎంత ధీమాగా అన్నాడు!

గడియ మీద చెయ్యి వేసింది.

అతని చెంచా కంటే ముందు అత్త చెంచా. ఆమె చెంచా కంటే ముందు తన చెంచా. చీకట్లో కొలత చూడకుండా పోసింది తనొక్కతే.

చెయ్యి గడియ మీద నుంచి దానంతటదే జారిపోయింది.

* * *

వీధి దీపాలు ఇంకా వెలిగించలేదు, కానిస్టేబులు వచ్చాడు. గుమ్మం బయట బూట్లు బాగా రాసి, టోపీ తీసి లోపలికి వచ్చాడు. ఊరివాడే. పిల్ల బతికే ఉంటుందనుకుని వచ్చాడు కాబోలు, బల్ల మీద తెల్లగుడ్డ చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఎనాక్, ఇదీ ఒక పనేనా అంటే మా పని ఇదే. డాక్టరుగారు గట్టిగా పట్టుబట్టారు. మందు ఎవరిచ్చారో నాకు చెప్పాలి."

ఎనాక్ పొయ్యి మీద చెయ్యి ఆనించి, నుదురు ఆ చేతి మీద పెట్టి, అందరికీ వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. చొక్కా మార్చుకున్నాడు.

"అవ్వా! పాపకి మందు ఎవరిచ్చారు?" అని కానిస్టేబులు కప్పు ఎగిరిపోయేలా అరిచాడు.

హెప్జిబా అతని మీసాలవంక చూసి తల అడ్డంగా ఊపింది. ఆ మీసాల కింద పెదవులు దొరకలేదు.

"అరిస్తే వినపడదయ్యా," అంది డోర్కస్. "ఆవిడ పెదవులు చూసి తెలుసుకుంటుంది."

"అయితే నువ్వు అడిగి చెప్పమ్మా. నేనన్నది అన్నట్టు అడుగు."

డోర్కస్ అత్త ఎదురుగా కూర్చుంది. మధ్యలో బల్ల. బల్ల మీద తెల్లగుడ్డ.

"పాపకి మందు ఎవరిచ్చారని అడుగుతున్నాడు," అంది పైకే. ఆ తర్వాత చప్పుడు లేకుండా పెదవులు కదిపింది. "అబద్ధం చెప్పకు. పెరట్లో మీరు మాట్లాడుకున్నది చూశాను."

హెప్జిబా కళ్ళార్పలేదు.

"నేనే ఇచ్చాను!" అంది, ఎప్పటిలాగే వీధి చివరికి వినపడేలా. "పొద్దునొకసారి. ఇచ్చింది మర్చిపోయి మధ్యాహ్నం ఇంకోసారి. నేనే!"

అని, పెదవులు మళ్ళీ కదిపింది. ఈసారి గొంతు లేదు.

"పొయ్యి గట్టు మీద చెంచా అంటుకుపోయి ఉంటే పొద్దున నేనే కడిగాను. నీ చెంచా. ఇన్నాళ్ళూ నన్ను అన్నావు కదా, ఇప్పుడూ నన్నే అను. మీరిద్దరూ నోరు తెరిస్తే ఎస్తేర్‌ని దిక్కులేనివాళ్ళని పెట్టే బీదల కొట్టంలో పడేస్తారు."

డోర్కస్ పొయ్యి గట్టువంక చూసింది.

"ఏమంటోంది?" అన్నాడు కానిస్టేబులు. "మళ్ళీ ఏదో అన్నట్టుందే."

ఎనాక్ వీపు కదులుతుందేమోనని డోర్కస్ చూసింది. ఇప్పుడు తిరుగుతాడు. ఇప్పుడు 'నేను' అంటాడు. అంటే తనూ అనేస్తుంది. పొయ్యిలో బొగ్గు ఒరిగి బూడిదలో పడింది. ఆ వీపు కదల్లేదు.

"తనే ఇచ్చానంటోంది," అంది డోర్కస్.

"నిజమేనా?"

"...అలాగే అంటోంది."

కానిస్టేబులు టోపీ అటూ ఇటూ తిప్పాడు. "అయితే ఆవిణ్ణి తీసుకెళ్ళక తప్పదు. సోమవారం సత్రం పైగదిలో పిల్ల చావు మీద విచారణ. మీరిద్దరూ రావాలి, పక్కింటివాళ్ళూ రావాలి. బైబిలు మీద చెయ్యేసి చెప్పాలి."

హెప్జిబా అప్పటికే లేచింది. మేకుకున్న నల్లటోపీ తీసి పెట్టుకుంది. గడ్డం కింద ముడి వేసుకోబోతే ఆ వంకర వేళ్ళకి రిబ్బను దొరకలేదు. ప్రతి ఆదివారం ఉదయం చర్చికి వెళ్ళేముందు ఆ ముడి వేసేది డోర్కసే, విసుక్కుంటూనైనా. ఇప్పుడూ లేచి వేసింది. ఇద్దరి ముఖాలూ దగ్గరగా ఉన్నాయి. ఎవరి పెదవులూ కదల్లేదు.

వెళ్ళేముందు ముసలామె బల్ల దగ్గరికి వచ్చి గుడ్డ తొలగించి మనవరాలి నుదురు మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత కొడుకు వీపు మీద ఆనించింది. అతను తిరగలేదు.

తలుపు తెరిచేసరికి వీధంతా గుమ్మాల్లోనే ఉంది. శనివారం కదా, మిల్లు ఒంటిపూటే. ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. గట్టిగా అనాల్సిన అవసరం ఏముంది? పెదవులు కదిలాయి, ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మానికి. "సొంత మనవరాలిని." "ముసలి మంత్రగత్తె." "ఉరి తీసినా పాపం లేదు."

చెవులు లేకపోతేనేం. హెప్జిబా ఆ వీధి పొడుగునా అన్నీ చదువుకుంటూ నడిచింది.

* * *

పిల్లకి స్నానం చేయించడానికి నాన్సీ వచ్చింది. వెంట తెల్లటి కొత్త గుడ్డ, చిన్న సబ్బుముక్క తెచ్చింది. ఆమె కూడా మగ్గాల మనిషే, డోర్కస్ పక్క మగ్గాలు ఆమెవే.

"ఎస్తేర్ పడుకుంది," అంది వస్తూనే. "రొట్టె తిన్నది. ఏమీ చెప్పలేదు నేను."

ఎనాక్ పొయ్యి ముందు ముక్కాలిపీట మీద కూలబడి ఉన్నాడు, తల్లి కూర్చునే పీట. బూడిదలోకి చూస్తున్నాడు. అంతకుముందు ఒకసారి, "అన్నం వేళయింది, ఏమైనా తింటావా," అని అడిగాడు డోర్కస్‌ని. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా మాట లేదు.

ఆడవాళ్ళిద్దరూ బల్లకి చెరోవైపు నిలబడ్డారు. నాన్సీ నీళ్ళు పోస్తుంటే డోర్కస్ మెత్తటి గుడ్డతో తుడిచింది. గిల్లినచోట పాదాల మీద మచ్చలు అలాగే ఉన్నాయి. డోర్కస్ వాటి మీద చెయ్యి పెట్టి కప్పేసింది.

నాన్సీ ఎనాక్ వీపువంక ఒకసారి చూసింది. తర్వాత డోర్కస్ మోచెయ్యి తట్టి, తన ముఖం చూడమంది.

"మధ్యాహ్నం మిల్లు నుంచి నీకంటే ముందొచ్చి, నీళ్ళకి వెళ్తూ మీ కిటికీలోంచి చూశాను," అన్నాయి ఆమె పెదవులు. "హెప్జిబా ఇంట్లో లేదు. బజార్లో నాకే ఎదురైంది. పిల్ల ఎనాక్ ఒళ్ళో ఉంది. అతని చేతిలో సీసా ఉంది."

డోర్కస్ గుడ్డ పిండింది. నీళ్ళు కారడం ఆగిపోయినా పిండుతూనే ఉంది.

"సోమవారం నన్నూ రమ్మన్నారు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం నావల్ల కాదే. కానీ నువ్వు చెప్పొద్దంటే, ఆరోజు నాకు జ్వరమొస్తుంది, ఇంట్లో పడుకుంటాను. చెప్పు డోర్కస్. ఏం చెయ్యమంటావు?"

డోర్కస్ మొగుడివంక చూసింది. ఆ వంగిన మెడ, జుట్టు కింద ఇంకా వదలని మసి. సోమవారం పొద్దున్నే బాయిలరు వెలిగించడానికి ఆ మెడే కావాలి. ఎస్తేర్ పక్కింట్లో తెలియని దుప్పటి కింద పడుకుని ఉంది. నోరు మూసుకుంటే చాలు. చెయ్యాల్సిందల్లా అంతే. ఇన్నాళ్ళూ అన్న మాటలే ఇంకొక్కసారి అనాలి.

స్టేషనులో ఈపాటికి ముసలామెని ఏదో బల్ల మీద కూర్చోబెట్టి ఉంటారు. ఎవరో ఏదో అడుగుతుంటారు. వినపడకపోతే ఇంకా గట్టిగా అరుస్తారు. ఎదురుగా కూర్చుని, ముఖం చూపించి, మెల్లగా పెదవులు కదిపేవాళ్ళు అక్కడ ఒక్కరూ ఉండరు.

"నువ్వు చూసింది నువ్వు చెప్పు," అంది డోర్కస్, చప్పుడు లేకుండా. "నేను చేసింది నేను చెప్తాను."

నాన్సీ కళ్ళు పెద్దవయ్యాయి. చేతిలో చెంబు బల్లకి తగిలి నీళ్ళు ఒలికాయి. పెదవులతో అడగాలన్న సంగతి మర్చిపోయి పైకే అడిగేసింది.

"నువ్వేం చేశావే?"

పొయ్యి ముందు ఎనాక్ లేచి ఇటు తిరిగాడు.